శబరి రేవులో మొదటి పడవ

ముసలామె పడవలో కాలు పెట్టగానే, అప్పటికే కూర్చున్న మేమంతా దిగిపోయాం. దేశమంతా తిరిగిన జ్వరం వల్ల నెలల తరబడి ఆగిన శబరి నది పడవ ఆ ఉదయమే మళ్లీ మొదలైంది. అవతలి ఒడ్డున బస్తర్ సంస్థానంలోని కుంట ఊరికి రోజూ కూలికి దాటేవాళ్లం మేం. ఆమె ఇంట్లో ఇద్దరు ఆ జ్వరంతో పోయారు. మా ఇళ్లలో పోయినవాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

“ఏందవ్వా, నిన్నొక్కదాన్నే దాటియ్యాల్నా?” అన్నాడు పడవవాడు.

“నేను దిగ. పని పోతే నాకు తిండెవరు పెడ్తరు? వాళ్లను ఈదుకుంట రమ్మను,” అంది ఆమె.

ఆమెను దాటించి అతను మా కోసం తిరిగొచ్చాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇంకో విడత దాకా ఆగే ఓపిక లేక అందరం ఆమెతోనే ఎక్కాం. వానలకు పడవ మళ్లీ ఆగేదాకా ఆమె పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు.