మా మేడం చదివిన యూనివర్సిటీ, మా శుక్రవారం తెలుగు క్లాసు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం గంజి తాగి, తమ్ముణ్ణి చంకనేసుకుని మందిరం అరుగు దగ్గరికి పరిగెత్తేదాన్ని. బైబిలమ్మగారు వచ్చే వేళ అది. మిషనువాళ్ళు పేటలకి పంపే ఆడమనిషి ఆవిడ. తెల్లచీర, నల్లగొడుగు. ఆవిడ ఒక్కో వాక్యం చదివేవారు, మేం వెనకాలే అరిచేవాళ్ళం. తప్పు లేకుండా అప్పజెబితే ఓ రంగుల బొమ్మ ఇచ్చేవారు... పైదేశాల్లో ఎవరో వాడేసిన క్రిస్మస్ కార్డుని కత్తిరించిన ముక్క.

"ఏవే మరియమ్మా, వాడలా ఏడుస్తుంటే నీకు కీర్తన ఎలా వచ్చిందే?" అనేవారు.

"ఆడి ఏడుపు ఆడిదండీ, నా కీర్తన నాదండీ" అనేదాన్ని.

కీర్తనలొచ్చాయి గానీ అక్షరం రాలేదు. ఊళ్ళో బడి ఉండేది. అక్కడ చెప్పేదీ తెలుగే. కానీ మా పేట పిల్లల్ని గుమ్మం ఇవతల కూర్చోబెట్టేవారు. రెండ్రోజులు కూర్చున్నాను. మూడోరోజు పలక చంకలో పెట్టుకుని లేచొచ్చేశాను. మా అమ్మ కొట్టింది, అయినా వెళ్ళలేదు.

ఇప్పుడూ అంత మొండిదాన్నే. నేను చెబుతుంటే మా అమ్మాయి సుగుణ ఫోన్లో రాస్తోంది. ఒక్క మాట మార్చావంటే ఊరుకోనని ముందే చెప్పాను.

షార్జాలో సుగుణ దగ్గరే ఉంటున్నాను. పగలు దుబాయ్‌లో ఒక దక్షిణాఫ్రికా మేడం ఇంట్లో వంట. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన ఆరోజే. చర్చికి వెళితే, అక్కడ అన్ని భాషలవాళ్ళూ వంతులవారీగా వాడుకునే గది ఒకటుంది. అందులో మన పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, నోటితోనే తెలుగు కీర్తనలు నేర్పుతాను. బైబిలమ్మగారు నాకు నేర్పినట్టే...

ఒక శుక్రవారం ఎవరో టీ గ్లాసు అందిస్తే, థాంక్స్ చెప్పడానికి దర్జాగా "బాయ డాంకీ" అన్నాను. రెండేళ్ళు మేడం నోట విని పట్టుకున్న ఇంగ్లీషు మరి! నా మనవరాలు ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మమ్మా, అది ఇంగ్లీషే కాదు!"

తెల్లవాళ్ళకి ఇంగ్లీషు కాక ఇంకో భాష ఉంటుందని నాకెవరు చెప్పారండీ?

ఆ నవ్వులు ఆగకముందే మా సంఘపెద్ద ప్రకాశరావు గారు వచ్చారు. "అమ్మా, వచ్చే నెల నుంచి పిల్లల క్లాసు ఇంగ్లీషులోనే. ఇక్కడ పుట్టిన పిల్లలకి మీ తెలుగు అందట్లేదు. ఇద్దరు మలయాళీ పిల్లలు కూడా వస్తున్నారు కదా."

"అంటే నా పని ఖలాసా బాబూ?"

"అలా అని కాదమ్మా... మీరు రెస్ట్ తీసుకోండి."

రెస్టట! ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు నన్ను తీసుకెళ్ళడానికి సుగుణ వచ్చినప్పుడు, మేడంని అడగమన్నాను... నువ్వు మాట్లాడేది ఏ భాషమ్మా అని. ఆవిడ వంటింట్లో స్టూల్ లాక్కుని కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు సుగుణ తెలుగులో చెప్పింది.

ఆ భాష పేరు ఆఫ్రికాన్స్ అట. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు దాన్ని వంటింటి భాష అని ఎగతాళి చేసేవారట. వాళ్ళ తాతని బడిలో ఆ భాష మాట్లాడినందుకు శిక్షించారట. వాళ్ళ ఊళ్ళో పాస్టర్లకి చదువు చెప్పడానికని పెట్టిన చిన్న బడి ఒకటి కాలేజీ అయి, యూనివర్సిటీ అయిందట. పేరులోనే క్రైస్తవం ఉండేదట. దేవుడి సంగతే కాదు, లెక్కలూ సైన్సూ కూడా ఆ వంటింటి భాషలోనే చెప్పారట. మేడం, మేడం నాన్న అక్కడే చదివారట.

నా ఒళ్ళు పులకరించింది. చూశావటే సుగుణా, ఈ మాట ప్రకాశరావు గారి మొహాన కొడతాను అన్నాను. మళ్ళీ ఎందుకో నోరాగక అడిగాను... "మరి మీ చిన్నప్పుడు మీ ఇంట్లో వంట చేసిన మనిషి? ఆవిడది ఏ భాష?"

సుగుణ అడిగితే మేడం చెప్పింది.

"అదే భాష. పుట్టినప్పటి నుంచీ అదే. కానీ ఆవిడ కూతురికి అప్పట్లో అక్కడ సీటు లేదు. రంగు వేరు కదా."

నాకు మా ఊరి బడి గుమ్మం కళ్ళముందుకొచ్చింది... భాష ఒకటే. ఒకరు లోపల, ఒకరు బయట.

తర్వాత ఆ తలుపులు తెరిచారట. దాన్ని ఇంకో యూనివర్సిటీతో కలిపి పేరు కూడా మార్చారట. ఆ భాష రాని పిల్లలు చెవికి ఫోను లాంటిది ఒకటి తగిలించుకుంటే, పక్కనుంచి ఒక మనిషి అప్పటికప్పుడు పాఠాన్ని ఇంగ్లీషులో చెబుతాడట. "మా నాన్నకి ఆ మార్పులు నచ్చలేదు. నాకూ మొదట్లో బాధేసింది" అంది మేడం. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. మొహాన కొడదామనుకున్న మాటలో సగం నాకే తగిలింది. ఆ మలయాళీ పిల్లలిద్దరూ నా చాప చివర బిక్కమొహాలేసుకుని కూర్చుంటారు... వాళ్ళని నేనెప్పుడు ముందుకి పిలిచాను?

శుక్రవారం అందరిముందూ లేచి నిలబడ్డాను.

"ప్రకాశరావు గారూ, తెలుగు తీసెయ్యడానికి నేనొప్పుకోను. ఆ పిల్లల్ని బయట కూర్చోబెట్టడానికీ ఒప్పుకోను. కీర్తన నేను తెలుగులో చెబుతాను. ఎస్తేరు పక్కన కూర్చుని ఇంగ్లీషులో అర్థం చెబుతుంది."

"ఇదంతా కుదిరే పనేనా అమ్మా?"

"మా మేడం యూనివర్సిటీలో కుదిరింది, మన చాప మీద కుదరదా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. "సరే, ఒక నెల చూద్దాం. వచ్చే పిల్లల సంఖ్య పెరక్కపోతే మాత్రం ఇంగ్లీషే" అన్నారు.

రెండు వారాలైంది. మొన్న ఆ మలయాళీల చిన్నది ఒక వాక్యం మొత్తం తెలుగులో అప్పజెప్పింది. మన పిల్లలే సగంమంది రావడం లేదు... ట్యూషన్లట, ఈతట.

మా రోజుల్లో భాష ఉండేది, కూర్చోడానికి చోటు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు చోటుంది, భాషే జారిపోతోంది...

మీకు ఎవరు ఏం నేర్పారో, ఏ భాషలో నేర్పారో రాయండి. సుగుణ చదివి వినిపిస్తుంది. షార్జాలో ఉన్నవాళ్ళు ఆ నెలలో మిగిలిన ఈ రెండు శుక్రవారాలూ పిల్లల్ని పంపండి. తెలుగు రానివాళ్ళని ముందు పంపండి.