ఊరంతా సరేనన్న ప్రోగ్రాము

బూరుల్ ప్రోగ్రాములు రాయదు. రాసేవాళ్లకీ వాడేవాళ్లకీ మధ్య తిరుగుతుంది. ఎవరికేం కావాలో అడిగి, కాగితం మీద పెట్టి, రాజధాని బిష్కెక్‌లోని ఆఫీసుకు తెచ్చి ఇస్తుంది. పదకొండేళ్లుగా అదే పని.

నరీన్ కొండల్లో నలభై ఆరు కుటుంబాలకు వేసవి మేతబీళ్లు పంచే ప్రోగ్రాము ఆమె చేతికి వచ్చింది. ఎవరు ఏ కొండవాలుకు వెళ్తారు, ఎన్ని గొర్రెలతో వెళ్తారు, అంతా ఫోనులో అందరికీ కనబడాలి. చలికాలంలో ఊరిపెద్ద సగిన్‌బెక్ ఇంట్లో సమావేశం పెట్టింది. ఆయన టీ తాగి, "మంచిదే. దాపరికం ఉండదు," అన్నాడు. అందరూ చేతులు మొహం మీదుగా దింపి, తథాస్తు అన్నట్టు "ఓమిన్" అన్నారు. బూరుల్ "అందరూ ఒప్పుకున్నారు" అని రాసుకుంది.

మే నెలలో మందలు కొండెక్కాలి. ఏప్రిల్ సగమైనా వివరాలు నింపింది ముగ్గురే.

"శుక్రవారంలోపు కదలకపోతే ఈ పని వేరేవాళ్లకి ఇస్తాను," అన్నాడు మేనేజర్ ఎర్నిస్. అరవలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

ఈసారి సమావేశం పెట్టలేదు. ఊరికి వెళ్లి, ఆవు పాలు పితుకుతున్న జూరాకాన్ అనే ఆమె పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

"ఎందుకు నింపలేదక్కా?"

"పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టి అడిగావు. ఆయన ఔనన్నాక కాదనే నోరు ఎవరికుంది తల్లీ? బిష్కెక్ నీళ్లు వంటబట్టి మన పద్ధతులే మరిచిపోయావా?"

"పోనీ, ఇప్పుడు చెప్పు."

"గొర్రెల లెక్క ఊరందరికీ చూపిస్తే దిష్టి తగలదూ? మా ఆయన నాకే సరిగా చెప్పడు." జూరాకాన్ నవ్వి, మళ్లీ పొదుగు వైపు తిరిగింది. "అలాగని దాచినా నాకే నష్టం. పోయినేడు నా వాలు మీద ఎవరి మందో పడి గడ్డి మొదలంటా మేసేసింది. ఎవరు ఎక్కువ తోలారో ఎలా తెలుస్తుంది?"

ఒక్క మనిషి నోటే ఒకదానికొకటి పడని రెండు కోరికలు. పైగా టీకాల కోసం జిల్లా పశువైద్యుడికి అంకెలు కావాల్సిందే.

సాయంత్రం సగిన్‌బెక్ ఇంటికి ఒంటరిగా వెళ్లింది. "తాతా, పెద్దవారు మీరు మొదలుపెడితేగానీ మిగతావాళ్లు ముట్టుకోరు," అని ఫోను అందించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గొర్రెల గడి దగ్గర వేలు ఆగిపోయింది. రెండు గిన్నెల టీ అయింది.

"ఇది అందరూ చూడాలా అమ్మాయ్?"

"దాపరికం ఉండదని మీరే అన్నారుగా."

"అన్నాన్లే. అప్పుడు నా మంద సంగతి గుర్తు రాలేదు."

ఆమె నవ్వు ఆపుకుంది. "అంకె పశువైద్యుడికే కనబడేలా చేస్తాం. వాలుకు సరిపడేదానికన్నా ఎక్కువ తోలితే పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. చుక్క మాత్రం అందరూ చూస్తారు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "చుక్కకు దిష్టి ఉండదు. రేపు మసీదు దగ్గర నేనే చెబుతా. నా ఆలోచనేనని చెబుతా."

"మీదే తాతా."

మళ్లీ మార్పా అని ఆఫీసులో విసుక్కుంటూనే మార్చారు. శుక్రవారం మధ్యాహ్నానికి నలభై ఆరూ నిండాయి. ఐదు పేర్ల పక్కన చుక్కలు పడ్డాయి. మొదటి పేరు సగిన్‌బెక్‌ది. ఆయన వాలు జూరాకాన్ వాలును ఆనుకునే ఉంది.

గంటలో ఫోను మోగింది.

"అమ్మాయ్, ఈ చుక్క తీసెయ్యి."

"నా చేతిలో లేదు తాతా. ఊరంతా ఒప్పుకున్న పని."

అవతల గొర్రెలు అరుస్తున్నాయి. ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "ఎన్ని తగ్గించాలి?"