రేణువు అడిగింది

మా బావ మనిషి మాట వినడు, రేణువు మాటే వింటాడు. కడుపుమంటతో అంటున్నాననుకోకండి. ఆఫీసులో ఆయన పక్క కుర్చీ నాది, రాత్రి భోజనం ఆయన ఇంట్లోనే. సాక్ష్యం చెప్పే అర్హత నాకుంది.

మా పని ఫ్యాక్టరీల్లో ఉండే రియాక్టర్లతో. అంటే మేడంత ఎత్తు ఉక్కు గొట్టాలు. కింది నుంచి వాయువు ఊదితే లోపలి పొడి పాలలా పొంగి పొర్లుతుంది. ఆ గందరగోళంలో ఏ రేణువు ఎటు పోతుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టి బొమ్మ వేసి చూపిస్తాం. మాకు అవి లెక్కలు, బావకి అయినవాళ్లు.

"ఈ మూల వేలమంది ఇరుక్కున్నారు, పాపం," అంటాడు తెర చూసి.

"మంది ఏమిటి బావా, అది బొగ్గు పొడి."

"నువ్వు ఇరుక్కుంటే తెలుస్తుందిరా."

లిఫ్టులో జనం తలుపు దగ్గరే గుమిగూడితే, "గడ్డకట్టకండి, గాలి ఆడనివ్వండి," అని అందర్నీ గోడల వైపు సర్దుతాడు. ఇంట్లో పంచదార గట్టిపడితే చెంచాతో పొడవనివ్వడు. డబ్బాని ఒళ్లో పెట్టుకుని మెల్లగా తడుతూ కూర్చుంటాడు. ఈలోగా టీ చల్లారిపోతుంది. "పంచదార పలుక్కి ఏం కావాలో తెలుసు, పెళ్లానికి ఏం కావాలో తెలీదు," అని అక్క వంటింట్లోంచి సన్నాయి నొక్కులు నొక్కుతుంది.

బావ ఏ వింత లెక్క వేయించినా మా మేనేజరు ఎందుకని అడగడం మానేశాడు. అడిగితే "రేణువు అడిగింది" అంటాడు, ఆపైన గంట పురాణం.

మా జట్టులో నిదానం అనే ఇంజనీరు ఉండేది. ఆ పేరు మేం పెట్టిందే. ఏ పనైనా పదిసార్లు చూసుకుంటుంది, పదకొండోసారి తప్పు చేస్తుంది. "ఈసారి బొమ్మ తప్పితే నువ్వు ఇంకో ఉద్యోగం చూసుకోవాల్సిందే," అని మేనేజరు అందరి ముందే చెప్పేశాడు.

ఫ్యాక్టరీ వాళ్లు వచ్చిన రోజు ఆవిడ బొమ్మ తెర మీదకొచ్చింది. అడుగున ఉండాల్సిన పొడి మొత్తం ఓ పక్క గోడకి అతుక్కుని పడుకుంది. నాకు విషయం అర్థమైంది. వీలుగా ఉంటుందని రియాక్టరుని అడ్డంగా పడుకోబెట్టి గీసింది. తర్వాత నిలబెట్టింది గానీ, భూమి పొడిని కిందికి లాగే దిక్కుని తిప్పడం మర్చిపోయింది. పొడి ఏం చేస్తుంది, చెప్పిన వైపే పడింది.

నిదానం మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు బావ లేచి, తల భుజం మీదికి వాల్చి, తెరని కాసేపు అడ్డంగా చూశాడు.

"ఇది నేనే వేయించానండీ," అన్నాడు. "రియాక్టరు పక్కకి పడిపోతే తన గతేంటని రేణువు అడిగింది."

గదంతా ఘొల్లున నవ్వింది. మేనేజరు తల పట్టుకున్నాడు. "మేడంత రియాక్టరు ఎందుకు పడుతుందయ్యా?"

"నేనూ అదే చెప్పాను. వినలేదు."

"మరి అసలు బొమ్మ?"

"రేపు పొద్దున ఆవిడే చూపిస్తుంది. ఈ వెర్రి లెక్క వేయించి నేనే ఆలస్యం చేశాను."

మర్నాడు పొడి బుద్ధిగా అడుగు నుంచి పొంగింది. ఫ్యాక్టరీ వాళ్లు తలలూపారు, నిదానం ఉద్యోగం నిలిచింది. మేనేజరు మాత్రం బావని గదిలోకి పిలిచి తలుపేసి మరీ చివాట్లు పెట్టాడు.

"పిచ్చివాడనుకుంటారు బావా," అన్నాను ఇంటికొస్తూ.

"నిండా మునిగినవాడికి చలేమిటిరా," అన్నాడు.

అప్పుడు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. రేణువు నోరు విప్పినప్పుడల్లా ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరు తప్పు చేసి బిక్కమొహం వేసుకునే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ మాట పడలేదు. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆ రాత్రి అక్క కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసింది. అక్క మా మొహాలు చూస్తోంది. నేను నోరు తెరవబోయాను.

"ఉప్పు రేణువులకి ఇవాళ నా కంచం మీద మోజు పుట్టిందోయ్," అని బావ ఇంకో గరిటె వేసుకున్నాడు.

అక్క నవ్వాపుకుంటూ మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది. నేనూ కంచం చాపాను.