చైనా పాట నాకు తెలుసన్నాను

ఖతార్‌లోని లుసైల్‌లో పని ఆగాలంటే మామూలుగా ఇసుక తుఫానైనా రావాలి, క్రేనైనా మొరాయించాలి. ఒక ఉదయం ఆ రెండూ లేకుండానే మా టవరు పని ఆగిపోయింది. ఆపింది నేను, ఒక చైనా పాటతో. ఉద్యోగం ఊడిందనుకుని మనసులో పెట్టె కూడా సర్దేసుకున్నాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు.

ఖతార్ నేలలోంచి గ్యాసూ చమురూ ఎంత వేగంగా పైకొస్తున్నాయో, లుసైల్‌లో టవర్లూ అంత వేగంగా లేస్తున్న రోజులవి. నేను కాకినాడ నుంచి వచ్చి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో గది పంచుకుంటూ, ఒక చైనా కంపెనీలో అసిస్టెంట్ సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. ఆ 'అసిస్టెంట్' అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుకునేది. దాన్ని దులిపేసుకోవాలని నా తాపత్రయం.

ఆ కంపెనీలో పని మొదలెట్టే ముందు అందరూ వరసల్లో నిలబడి కసరత్తు చేయాలి. దానికి పాట పెట్టే బాధ్యత నాకు అప్పగించారు. మా ఆఫీసులో మేడమ్ లీ అనే చైనా ఇంజనీరు తనకిష్టమైన ఒక ఆల్బమ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది.

"ఇందులో ప్రతి పాటా కలగాపులగం. పల్లెపాటగా మొదలై రాక్ అయిపోతుంది, నాటకం పద్యం కాస్తా ర్యాప్ అవుతుంది," అంది ఇంగ్లీషులో. "పేర్లన్నీ చైనీస్‌లో ఉన్నాయి. ఏ పాట దేని గురించో రాసివ్వనా?"

'ఇవ్వండి' అని ఉంటే మీకు ఈ నవ్వు దక్కేది కాదు.

"అక్కర్లేదు మేడమ్. నాకు చైనీస్ కొంచెం తెలుసు," అన్నాను.

నాకు తెలిసింది నమస్కారం చెప్పడం ఒక్కటే. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నేను ఆ డోలుకి స్పీకరు కూడా తగిలించాను.

మొదట ఎంచుకున్న పాటలో సన్నటి వేణువు, దాని వెనక ఓ అమ్మాయి గుసగుసలాంటి గొంతు. కసరత్తుకే పుట్టిన పాట అని తేల్చేశాను. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు నుంచి బస్సుల్లో వచ్చిన మనుషులు చేతులు పైకెత్తారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ముందు వరసలో పుట్టిన ఆవలింత వెనక వరస దాకా అలలా వెళ్లి, మళ్లీ ముందుకొచ్చింది. ఒక నేపాలీ స్తంభానికి ఆనుకుని, నిలబడే గుర్రు పెట్టాడు.

ఫోర్‌మన్ రాజన్నది జగిత్యాల దగ్గర ఊరు. నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు: "ఏమనుకోకున్రి సారు. గీ పాట ఇంటుంటే కండ్లు మూతవడ్తున్నయ్."

"అది మనశ్శాంతి రాజన్నా. మంచి సంగీతం లోతు అలాగే ఉంటుంది."

"లోతు మంచిదే సారు. మనోళ్లు అండ్ల మునిగిపోతున్నరు."

నేను వినలేదు. 'కూలీల్లో ఉత్సాహం లేదు' అని పైవాళ్లకు ఫిర్యాదు కూడా చేశాను.

ఇంతలో టవరు యజమానుల తరఫున ఒక ఖతారీ పెద్ద ఇంజనీరు మా కసరత్తు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఇదే అదను, మంచి గంభీరమైన పాట కావాలనుకున్నాను. బస్సులో వెళ్తూ ఇంకో పాట మొదలు విన్నాను. అచ్చం వీణలా ఉంది. మిగతాది వినేలోపు నా స్టాపు వచ్చేసింది. అన్నమంతా పట్టి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలనుకున్నాను. ఆ మెతుకు కింద మిరపకాయ ఉంది.

మర్నాడు తెల్లటి పొడుగు అంగీ, అదే తోబ్, వేసుకున్న ఆ ఖతారీ పెద్దమనిషి, పక్కనే మా చైనా మేనేజరు, వెనకాల మేడమ్ లీ వచ్చి నిలబడ్డారు. వీణ మొదలైంది. మనుషులు ఒద్దికగా నడుములు వంచారు. వంచిన నడుములు లేచేలోపు పాటలో సన్నాయిలాంటిది ఒకటి కేకేసింది, దాని వెంటే డప్పులు పడ్డాయి.

జగిత్యాల మనిషి ముందు డప్పు మోగితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

"రాజన్నా, కాళ్లు ఆపండి," అన్నాను మైకులో.

"నేనేడ ఆడుతున్న సారు, కాళ్లు ఆడుతున్నయ్," అన్నాడు తీన్‌మార్ వేస్తూనే.

వరసలు పోయి గుంపయింది. ఒకడు ఖాళీ పెయింటు డబ్బా అందుకున్నాడు. నిద్రపోయిన నేపాలీయే అందరికంటే ఎత్తు ఎగురుతున్నాడు. ఆపబోయి కంగారులో వేరే మీట నొక్కాను, చప్పుడు రెట్టింపయింది. కాంక్రీటు లారీ కూడా డ్రమ్ము తిప్పుకుంటూ వాళ్లతో కలిసినట్టే కనిపించింది.

మేడమ్ లీ వచ్చి స్పీకరు వైరు పీకింది. "ఇదేం పాటో తెలుసా?"

"వ్యాయామం పాట," అన్నాను నీరసంగా.

"పెళ్లికూతుర్ని ఊరేగిస్తూ అత్తారింటికి తీసుకెళ్లే పాట. మరి ఇన్నాళ్లూ పెట్టింది?"

వేణువు పాట గురించి చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది జోలపాట."

అంటే, జోలపాటకు అందరూ నిద్రపోయారు, పెళ్లిపాటకు అందరూ ఆడారు. సైటు మొత్తానికి అర్థమైన చైనీస్, వచ్చని చెప్పుకున్న నాకు ఒక్కడికే అర్థం కాలేదు. శిశువుకీ పశువుకీ పాముకీ తెలిసే గానరసం అసిస్టెంట్ సేఫ్టీ ఆఫీసరుకి తెలియదని అప్పుడు రూఢి అయింది.

మేనేజరు నా వైపు నడిచొస్తున్నాడు. నాకు విమానం టిక్కెట్టు కనిపిస్తోంది. అంతలో ఆ ఖతారీ పెద్దాయన భుజం ఊపుతూ, వచ్చీరాని హిందీలో అడిగాడు: "కల్ భీ యహీ గానా?" రేపూ ఇదే పాటా అని.

"కల్ భీ," అన్నాడు మేనేజరు, మొహంలో కోపాన్ని నవ్వు కిందికి తోసేసి.

అలా నా ఉద్యోగం నిలిచింది. మర్నాటి నుంచి జనం బస్సు ఆగకముందే దిగడానికి సిద్ధంగా ఉండేవాళ్లు. మేడమ్ లీ టీ టైములో ఒక్కో పాటా వినిపించి అర్థం చెప్పేది, నేను బుద్ధిగా నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్నానని నమ్మాను కూడా.

ఆ వేసవిలో రాజన్న తమ్ముడి పెళ్లి కుదిరింది. రాజన్నకు సెలవు దొరకలేదు. "నేనైతే పోలేను. మన పాటన్న పోనీ సారు, పంపున్రి," అన్నాడు. ఎంతో ప్రేమగా ఫోన్లో పంపించాను. ఊరేగింపులో ఊరంతా ఆడిందట. 'దుబాయ్ పాట' అని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారట. ఆ వీడియో రాజన్న గర్వంగా మేడమ్ లీకి చూపించాడు. ఆవిడ కాసేపు విని నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు పెళ్లిపాట బదులు జాబితాలో దాని కింది పాట పంపావు. డప్పులు రెంటికీ ఒకటే గానీ, ఇది మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వెళ్లిపోతున్న ఆడమనిషి పాట."

పరుగున వెళ్లి రాజన్నకు చెప్పేశాను.

"ఇద్దరు మంచిగున్నరు సారు. నిన్ననే ఫోన్ల మాట్లాడిన, ఒగటే నవ్వుడు. మీరేం ఫికర్ చేయకున్రి. మా ఊర్ల చైనా మాట ఎవలికి రాదు, అందరు మీ లెక్కనే."

కనుక నెత్తిన హెల్మెట్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అర్థం తెలియని పాటకు ఈ జన్మలో 'ఆహా' అనను. అనకుండా ఉండలేకపోతే, చుట్టుపక్కల చైనా వాళ్లూ కొత్త దంపతులూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకునే అంటాను.