సావుకారి కర్ర, సుంకప్ప కర్ర

సుంకప్పకు బిలియర్డ్స్ నేర్చుకోవాలని ఎన్నడూ లేదు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టినవాడు. డెబ్బై రెండులో ఆదోనికి వచ్చి, వీరభద్రయ్య పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరాడు. ఫ్యాక్టరీ వెనక రెండు గదుల ఇల్లు సావుకారే ఇచ్చాడు. భార్య తాయమ్మను సావుకారి ఇంట్లో వంటకు సాయంగా పెట్టుకున్నారు. తిండీ నీడా రెండూ ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉండేవి.

వీరభద్రయ్యకు సాయంత్రం క్లబ్బులో బిలియర్డ్స్ ఆడకపోతే అన్నం సహించదు. ఆయనతో ఆడే ఇంజనీరు బదిలీ అయి వెళ్లిపోయాడు. మిగిలిన మెంబర్లు పేకాట వదిలి లేవరు. ఒకరోజు కాటా దగ్గర పత్తి బేళ్లు తూయిస్తున్న సుంకప్పను చూసి, చెయ్యి నిలకడగా ఉందని, ఆ సాయంత్రం నుంచి తనతో క్లబ్బుకు రమ్మన్నాడు. రాగలవా అని అడగలేదు.

క్లబ్బులో బల్ల చూసుకునే మార్కరు చోటే సాబ్ పాఠాలు మొదలుపెట్టాడు. సావుకారి బంతిని కొట్టే తన పాత క్యూ కర్ర సుంకప్ప చేతికిచ్చాడు. ఆయన పొట్టి, కర్రా పొట్టిది. సుంకప్ప తాటిచెట్టంత మనిషి. నడుము మడిచి వంగితే తప్ప దెబ్బ కుదిరేది కాదు. అయినా నెలలు గడిచేసరికి ఆట పట్టుబడింది. ఎర్రబంతి ఎటు పోతుందో కొట్టకముందే తెలియసాగింది. ఒక సాయంత్రం సావుకారి మీద గెలిచాడు.

మర్నాడు ఫ్యాక్టరీలో సావుకారి పలకలేదు. ఆ మర్నాడూ పలకలేదు. వెనక ఇల్లు ఇంకెవరో కావాలని అడుగుతున్నారంట అని వంటింట్లో సావుకారమ్మ అన్న మాట తాయమ్మ మోసుకొచ్చింది. ఆ తర్వాత సుంకప్ప గెలవలేదు. బంతి బల్ల మూలనున్న గుంత అంచుదాకా పోయి ఆగేటట్టు కొట్టడం నేర్చుకున్నాడు. తప్పిపోయిన బంతిని చూసి నాలుక కరుచుకోవడం కూడా నేర్చుకున్నాడు. చోటే సాబ్ పలక మీద లెక్క వేస్తూ అంతా చూసేవాడు. ఒకనాడు మెంబర్లు రాకముందు సుంకప్పను పక్కకు పిలిచాడు.

"ఒకరి కర్రతో ఆడితే వాళ్ల మాదిరే ఆడతావప్పా. నీ ఎత్తుకు తగిన కర్ర ఒకటి తెచ్చుకో. అప్పుడు నేర్పిస్తా నేను."

ఆ మాట సుంకప్పను వదల్లేదు. పనిమీద బళ్లారి పోయినప్పుడు, అక్కడ మూసేసిన పాత క్లబ్బు సామాన్లు అమ్ముతుంటే పొడుగాటి కర్ర ఒకటి కొన్నాడు. గోనెపట్టాలో చుట్టి బస్సెక్కాడు. హాలహర్విలో ఎక్కిన ముసలాయన, పీర్ల పండక్కు కట్టెనా నాయనా అని అడిగాడు. కాదు, నాదే అన్నాడు సుంకప్ప. అడిగినదానికి అది జవాబు కాదని తెలిసి తనలో తనే నవ్వుకున్నాడు. ఆదోని వచ్చేదాకా దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే కూర్చున్నాడు.

సంతరోజు ఫ్యాక్టరీకి సెలవు. ఆ మధ్యాహ్నాల్లో చోటే సాబ్ దగ్గర దానితో ఆడాడు. నడుము నొప్పి పోయింది. మోచెయ్యి దానంతట అదే ఊగేది. బంతులు మెత్తగా గుంతల్లోకి జారుతుంటే, చేతిలో ఇన్నాళ్లు కట్టేసిన దాన్నేదో విప్పినట్టుండేది.

ఒక సాయంత్రం ధైర్యం చేసి ఆ కర్రను సావుకారి ముందుకే తెచ్చాడు. వీరభద్రయ్య దాన్ని తీసుకుని బల్ల మీద దొర్లించి వంకర ఉందేమో చూశాడు. దానితోనే ఆట మొదలుపెట్టాడు. అయ్యాక తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

"మంచి కర్ర. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే కదప్పా," అన్నాడు.

సుంకప్ప తలూపాడు. ఇంటికొచ్చి తాయమ్మతో కూడా చెప్పలేకపోయాడు. బావమరిది గిడ్డయ్య ఎమ్మిగనూరులో ఒక నూలు కొట్టులో లెక్కలు రాసే పని చూసిపెట్టాడు. తాయమ్మ పోదామంది. సావుకారితో ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు గడిపాడు. ఆ పనిలో ఇంకొకర్ని పెట్టుకున్నారు.

డెబ్బై తొమ్మిదిలో క్లబ్బులో పోటీలు పెట్టారు. ఫ్యాక్టరీల తరఫున గుమాస్తాలు కూడా ఆడవచ్చన్నారు. చివరి ఆట సావుకారికీ సుంకప్పకూ పడింది. పేకాట వాళ్లంతా లేచి వచ్చి బల్ల చుట్టూ చేరారు. సుంకప్ప సావుకారి ముందుకు వెళ్లాడు.

"నా కర్ర నాకియ్యండి సావుకారీ. ఈ పొద్దు దాంతోనే ఆడతా."

నలుగురూ వింటున్నారు. వీరభద్రయ్య ఒక్క క్షణం అతన్ని చూసి, నవ్వుతూ బీరువా తెరిచి కర్ర తీసిచ్చాడు.

అది చేతికి తగలగానే సుంకప్ప ఒళ్లు తేలికైంది. సగం ఆటయ్యేసరికి ముందున్నాడు. చోటే సాబ్ కళ్లు మెరుస్తున్నాయి. ఆఖరికి ఎర్రబంతి గుంత ముందర నిలిచింది. అది పడితే గెలుపే. పిల్లలైనా వేయగలిగే దెబ్బ. సుంకప్ప వంగి, గురి చూసి, కొట్టాడు. బంతి అంచుదాకా పోయి ఆగింది.

ఈసారి అతను కావాలని చేయలేదు. వేయాలనే కొట్టాడు. చెయ్యి తనకు అలవాటైన పనే చేసింది. తర్వాతి దెబ్బతో సావుకారి గెలిచాడు. ఆయన ఆనందంగా సుంకప్ప భుజం తట్టి, కర్ర ఇంటికే తీసుకుపొమ్మన్నాడు. చోటే సాబ్ పలక తుడిచేశాడు.

ఎనభై మూడులో వీరభద్రయ్య పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. కొడుకులు సుంకప్పను పనిలోనే ఉంచారు, ఇంటి జోలికి రాలేదు. సాయంత్రాలు అతన్ని రమ్మనేవాళ్లు లేరు. అయినా పొద్దుగూకేసరికి కాళ్లు క్లబ్బు వైపే నడిచేవి. తన కర్రతోనే ఆడేవాడు. డాక్టరుతో ఆడితే డాక్టరు, కొత్తగా వచ్చిన మెంబరుతో ఆడితే ఆ మెంబరు గెలిచేవాళ్లు, అదీ కొద్ది తేడాతోనే. సుంకప్పతో ఆట బలే పసందుగా ఉంటుందని క్లబ్బులో అందరూ అనేవాళ్లు. అతనితో ఆడాలని ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు.