పాలాయన ఒప్పుకోని ఫిడేలు

నిజాం రోజుల్లో హైదరాబాదు కచేరీకి వెళితే నా ఫిడేలుకు తీగ బిగించే బిరడా విరిగింది. చార్మినార్ వెనక సందులో సితారులు బాగుచేసే ముసలాయన కొత్తది బిగించాడు గానీ, ఫిడేలు పట్టుకెళ్లనివ్వలేదు.

“జర ఆగు భాయ్. మా గల్లీ విన్నంకనే ఇస్త.”

బెజవాడ బండికి గంటే ఉంది. తిట్టుకుంటూ వాయించాను. గాజులమ్మే ఆమె తలూపింది. ఇంటింటికీ పాలు పోసే ఆయన మాత్రం చెంబు దించి, “లావు తీగకు జలుబు చేసినట్టున్నది ఉస్తాద్,” అన్నాడు. ముసలాయన తీగలన్నీ మళ్లీ విప్పేశాడు.

“పాలాయనకేం తెలుసయ్యా?” అని కసిరాను.

“ఈడ బాగుచేసిన ప్రతి సితారు ఆయన విన్నంకనే గల్లీ దాటింది.”

బండి పోయింది. మర్నాడు ఆ తీగ మొదటిసారి నిండుగా పలికింది. మా ఊరి రసికులు పన్నెండేళ్లుగా నాకు శాలువాలు కప్పారే గానీ, ఆ జలుబు సంగతి ఒక్కరూ చెప్పలేదు.