పాడినవారి పేర్లు

ఈ మాట గొంతులో పెట్టుకుని చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తొర్రూరులో అచ్చుకు పోయే పుస్తకాలకు కంప్యూటర్లో పేజీలు కట్టే పని నాది. ఘనపూర్ వైపు నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు పాడే పాటలను ఒక రిటైరైన సారు సేకరించారు. వాటిని కంప్యూటర్లో కొట్టింది టైపు పని చేసే రజియక్క. ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో, ఇది పల్లవి, ఇది చరణం, ఇది పాడినవారి పేరు అని ప్రతిదానికీ గుర్తుగా ఒక ట్యాగు పెట్టి మరీ కొట్టింది. ఆ ఫైలును టెక్ అనే సాఫ్ట్‌వేర్ చదివి పేజీలు కడుతుంది. ఏ ట్యాగును ఎలా అచ్చు వేయాలో దానికి నేను రాసిపెట్టాలి.

పాట ఒక పేజీలో ఉంటే పేరు ఒక్కటే తర్వాతి పేజీకి జారేది. ఒకచోట సర్దితే ఇంకోచోట జారేది. ప్రెస్సువాళ్లు ఫోన్ మీద ఫోన్. విసుగొచ్చింది. పాడినవారి ట్యాగు వస్తే వదిలేయమని ఒక్క వరుస రాశాను. పేజీలు చక్కగా కుదిరాయి. పేర్లన్నీ చివర్లో ఒకచోట వేద్దామనుకున్నాను, వేయలేదు. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు నాకే నమ్మకం లేదు.

ఘనపూర్‌లో పుస్తకాలు పంచిన రోజు, పాటలు పాడిన కొమురవ్వ రజియక్క పక్కన కూర్చుని పుస్తకం చాపింది.

"నా పేరు యాడున్నదో జర వేలు వెట్టి సూపు బిడ్డా."

అక్క పేజీలు తిప్పింది. మళ్లీ మొదటినుంచి తిప్పింది. సారు నా వైపు చూశారు.

"అక్క పేర్లు కొట్టలేదు సార్," అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట!

"కొట్టిన తమ్మీ. ఒక్కటి ఇడ్వకుంట కొట్టిన."

"పోనియ్ తియ్యమ్మా. ఉర్దూ మాట్లాడేటోళ్లకు మన పేర్లు ఎట్ల తెలుస్తయ్," అన్నారు సారు అక్కతో, జాలిగా.

అక్క నన్ను చూసింది. నేను పుస్తకం అట్ట చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆమెకు ఎవరూ టైపు పని ఇవ్వలేదు. నేను ఒక్క మాట చెబితే ఇచ్చేవారే. చెప్పలేదు. భయమా, సిగ్గా? ఆమె కళ్లెదుట లేకపోతే నేను మంచివాడినేనని అనుకుంటూ బతకొచ్చు, అంతే. ఎంత నీచం!

కొమురవ్వ పోయింది. అక్క ఇప్పుడు చీరలకు ఫాల్ కుడుతోంది. బస్టాండులో ఎదురైతే "మంచిగున్నవా తమ్మీ" అంటుంది. నేను రాని బస్సు కోసం చూస్తున్నట్టు తల తిప్పుకుంటాను.

క్షమించమని రాయడం లేదు. ఆ రోజు అందరి ముందు చెప్పాల్సినది ఇంతే. రజియక్క ప్రతి పేరూ కొట్టింది. తీసేసింది నేను.